మూడు కరెంట్లు, ఒక ఇల్లు

(వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగం. సంచిక కోసం కొద్దిగా సరిచేసి రాసినది.)

నన్ను పిలిచినప్పుడు మన కార్యదర్శిగారు ఒకే మాట చెప్పినారు: "సోలార్ గురించి అరగంట మాట్లాడు. సబ్సిడీ గురించి అందరూ చెప్తా ఉన్నారు, నువ్వు వైరింగ్ గురించి చెప్పు. మన ఆడోళ్లకు కూడా అర్థమయ్యేటట్లు ఉండల్ల." ఆడవాళ్లకు అర్థం కాదని ఆయనకు ఎందుకు అనిపించిందో నాకు తెలీదు. నేను వైరింగ్ చేసిన ఇళ్లలో ఏ స్విచ్ ఏ దీపానిదో సరిగ్గా చెప్పేది ఆ ఇంటి ఆడవాళ్లే.

నాది చింతామణి. మా నాయన గుంట మగ్గం మీద నేసినాడు. నేను ఆ గుంటలో నాలుగు రోజులు కూడా నిలువలేక వైరింగ్ పనికి పోయినా. ముప్పై ఏండ్లు దాటింది. లైసెన్స్ ఉంది, రెండు చేతుల్లో పది వేళ్లూ ఉన్నాయి. వేళ్ల మాట ఎందుకు చెప్తున్నానో కాసేపటికి తెలుస్తుంది.

మన పాత కోలారు జిల్లాకు కరెంటు వచ్చింది 1902లో. శివనసముద్రం దగ్గర కావేరి నీళ్లతో పుట్టించి, దాదాపు 150 కిలోమీటర్లు తీగ లాగి, కోలారు బంగారు గనులకు ఇచ్చినారు. బెంగళూరు వీధుల్లో కరెంటు దీపాలు వెలిగింది ఆ తరువాత, 1905లో. అంటే రాజధాని కంటే ముందు మన జిల్లాకే వచ్చింది, అయితే గనికి వచ్చింది, ఇళ్లకు రాలేదు. మా ఇంటికి మీటరు పడింది నేను బడికి పోయే నాళ్లలో. అప్పుడు ఒక ఇంటికి ఒక కరెంటు. ఉంటే ఉంది, లేకుంటే బుడ్డి దీపం. ఇప్పుడు అట్లా లేదు. బెస్కాం లైన్ ఒకటి, మిద్దె మీద సోలార్ ఒకటి, వసారాలో జనరేటర్ ఒకటి, వీటి మధ్యలో యూపీఎస్, దాని బ్యాటరీ. ఒక ఇంట్లోకి ఇన్ని దారుల్లో కరెంటు వస్తా ఉంటే ఎవరు ఎప్పుడు లోపలికి రావల్లో చెప్పే వాకిలి ఒకటి ఉండల్ల. ఆ వాకిలి గురించే నేను చెప్పేది.

ముందు నా తప్పు చెప్తా.

నాకప్పుడు ఇరవై రెండేండ్లు. మా అక్క పెండ్లి. ముందు రోజు సాయంత్రం గాలివాన వచ్చి మా ఇంటికీ పక్కన రెండిళ్లకూ కరెంటు పోయింది. వీధి మొత్తానికి ఉంది, మాకు లేదు. స్తంభం మీద జంపర్ తెగింది. ఇంటి నిండా చుట్టాలు. నేను పరుగెత్తి బాడుగకు చిన్న జనరేటర్ తెచ్చినా. వైరు ముక్కకు రెండు పక్కలా ప్లగ్గులే బిగించి, ఒకటి జనరేటర్‌లో, ఇంకొకటి వసారా సాకెట్‌లో గుచ్చినా. దీపాలు వెలిగినాయి. "మావాడు ఎంత గట్టివాడో చూడు" అని మా మేనమామ అందరికీ చెప్తా ఉన్నాడు.

మెయిన్ దించల్ల అని నాకు తెలుసు. బావను దించమన్నా అనుకున్నా. నేను దించినానని బావ అనుకున్నాడు. మెయిన్ ఎవరూ దించలేదు. లైన్‌మ్యాన్ పాపం మా పెండ్లి కోసమే వానలో వచ్చినాడు. ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర ఫ్యూజు పీకి, లైన్‌లో కరెంటు లేదని నమ్మి స్తంభం ఎక్కినాడు. మా జనరేటర్ కరెంటు మా మెయిన్‌లో నుంచి బయటికి పోయి, సర్వీసు వైరు ఎక్కి, ఆయన చేతిలో పడింది.

ఆయన బతికినాడు. నడుముకు బెల్టు ఉండబట్టి కింద పడలేదు. కుడి చేతి రెండు వేళ్లు మాత్రం మళ్లీ మడవలేదు. ఆయన రిటైరై చాలా ఏండ్లయింది. పండక్కి ఆయన ఇంటికి పోతా. ఆయన నన్ను ఒక్క మాట అనలేదు. టీ గ్లాసు ఎడమ చేత్తో పట్టుకుంటాడు, అది చూస్తా కూర్చుంటా.

ఈ సంగతి బయట సభలో నేను చెప్పను. ఇక్కడ ఎందుకు చెప్తున్నానంటే, ఆ రెండు ప్లగ్గుల వైరు మన ఇళ్లలో ఇంకా ఉంది. పోయిన నెల ఒక ఊళ్లో చూసినా. అటకలో చుట్టి పెట్టినారు, "అవసరానికి ఉంటుంది" అని. ఇంటికి పోయినాక ఆ వైరు ఉంటే నడిమికి కోసేయండి. సాకెట్లో గుచ్చినప్పుడు ఆ రెండో ప్లగ్గు పిన్నులు బయటికి కనిపిస్తా, కరెంటుతో ఉంటాయి. పిల్లోడు ముట్టుకుంటే చాలు. ఇంకొక మాట. ట్రాన్స్‌ఫార్మర్ 11,000 వోల్టులను మన ఇంటి వోల్టేజీకి దించుతుంది కదా. మన పక్క నుంచి ఎదురు కరెంటు పోతే అదే పెట్టె దాన్ని వేల వోల్టులకు ఎక్కిస్తుంది. అప్పుడు మన వీధిలోని లైన్‌మ్యాన్ ఒక్కడే అపాయంలో ఉన్నట్లు కాదు. ఇంకో ఊళ్లో పెద్ద లైన్ మీద పని చేసేవాడు కూడా ఉన్నట్లే.

ఇప్పుడు వాకిలి. దాని పేరు చేంజోవర్ స్విచ్. నేను ఒకటి తెచ్చినా, బల్ల మీద ఉంది. మీట మూడు చోట్ల నిలబడుతుంది: ఒకటి, సున్నా, రెండు. ఒకటిలో బెస్కాం, రెండులో జనరేటర్, సున్నాలో ఏదీ లేదు. ఒకటి నుంచి రెండుకు పోవాలంటే సున్నా దాటే పోవాలి. రెండూ ఒకేసారి పట్టుకోవాలన్నా ఆ మీటకు సాధ్యం కాదు. మతిమరుపు బావలకు, తొందరపడే బామ్మర్దులకు ఇంతకంటే మంచి కాపలా లేదు. సింగిల్ ఫేజ్ ఇంటికి రెండు పోల్సుది, త్రీ ఫేజ్‌కు నాలుగు పోల్సుది కొనండి. ఫేజ్‌తో పాటు న్యూట్రల్ కూడా మారాలి. అంగట్లో "ఫేజ్ ఒక్కటి మారితే చాలన్నా, న్యూట్రల్ కామన్‌గా ఉండనీ" అంటారు. ఒప్పుకోవద్దు. 3 కిలోవాట్ల లోడు ఇంటికి 230 వోల్టుల దగ్గర దాదాపు 13 ఆంపియర్లు నడుస్తుంది. 32 ఆంపియర్ల స్విచ్ దానికి ధారాళంగా సరిపోతుంది. దాని ఖర్చు పెండ్లి పత్రికల ఖర్చు కంటే తక్కువ.

ఇక బొమ్మ. సభలో బోర్డు మీద గీసినా, ఇక్కడ మాటల్లో చెప్తా. మీటరు నుంచి మెయిన్ స్విచ్. మెయిన్ నుంచి చేంజోవర్‌లో ఒకటో పక్కకు. జనరేటర్ నుంచి ఒక బ్రేకర్ దాటి రెండో పక్కకు. చేంజోవర్ నుంచి బయటికి వచ్చే వైరు ఇంటి పెద్ద బోర్డుకు. అక్కడ నుంచి గీజర్, మిక్సీ, నీళ్ల మోటారు, మగ్గం మోటారు. అదే బోర్డులో నుంచి ఒక వైరు యూపీఎస్‌కు, యూపీఎస్ నుంచి ఇంకొక చిన్న బోర్డుకు. దీన్ని నేను అత్యవసరం బోర్డు అంటా. దీపాలు, ఫ్యాన్లు, టీవీ, వైఫై, కండెలు చుట్టే చిన్న మిషన్, ఇవి దాని మీద.

ఈ చిన్న బోర్డుకు సొంత న్యూట్రల్ ఉండల్ల. మన ఇళ్లలో నూటికి ఎన్నో చోట్ల తప్పు జరిగేది ఇక్కడే కాబట్టి కొంచెం నిదానంగా చెప్తా. పాత ఇంటికి యూపీఎస్ పెట్టేటప్పుడు మేస్త్రి ఏం చేస్తాడంటే, హాలు దీపం ఫేజ్ మాత్రం విప్పి యూపీఎస్‌కు ఇస్తాడు. న్యూట్రల్ పాతదే వదిలేస్తాడు, గోడ పగలగొట్టాల్సి వస్తుందని. దీపం వెలుగుతుంది, మేస్త్రి డబ్బులు తీసుకొని పోతాడు. అయితే పోయే దారి ఒకటి, తిరిగొచ్చే దారి ఇంకొకటి అయింది. రెండు మగ్గాల పడుగు పోగులు ఒకే అచ్చులో తీసినట్లు. లీకేజీకి పడిపోవాల్సిన ఆర్‌సీసీబీ ఊరికే పడిపోతా ఉంటుంది. "అన్నా ఇది ఊరికే ట్రిప్ అవుతా ఉంది" అని దాన్నే తీసేయిస్తారు. ప్రాణం కాపాడేదాన్ని తీసి గుజిలీకి వేసి, తప్పును గోడలో పెట్టుకుంటారు. ఇంకా మెయిన్ ఆఫ్ చేసి, అంతా చచ్చిందని నమ్మి బోర్డు విప్పినవాడికి ఆ న్యూట్రల్ వైరులో యూపీఎస్ కరెంటు తగులుతుంది. గోడ పగలగొడితే రెండు రోజుల సిమెంటు పని. పగలగొట్టనీండి.

సోలార్‌కు వస్తా. మన పక్కన పావగడలో దాదాపు 13,000 ఎకరాల్లో 2,050 మెగావాట్ల సోలార్ పార్కు ఉంది. పెనుకొండ దారిలో పోయినవాళ్లు చాలామందికి దాని మాట తెలుసు. అది చూసి మన జనానికి ఒక నమ్మకం పడిపోయింది: మిద్దె మీద పలకలు ఉంటే ఇంట్లో కరెంటు పోదు అని. పోతుంది. మామూలుగా సబ్సిడీలో పెట్టేది ఆన్‌గ్రిడ్ సోలార్. దానికి బ్యాటరీ ఉండదు. బెస్కాం లైన్‌ను చూసి, దానితో తాళం కలిపి నడుస్తుంది. లైన్ పోయిన క్షణం అది కూడా ఆగిపోతుంది, మిట్ట మధ్యాహ్నమైనా సరే. బాగేపల్లి దగ్గర ఒక పెద్దాయన నన్ను పిలిచి తిట్టినాడు. "ఇంత ఎండ కాస్తా ఉంది, పైన ఆరు పలకలు ఉన్నాయి, కింద ఫ్యాన్ తిరగలేదు, నన్ను మోసం చేసినారు" అన్నాడు. మోసం కాదు తాతా, ఆ మిషన్‌ను అట్లా చేయాలని నియమం ఉంది. లైన్ చచ్చినప్పుడు మన ఇంటి నుంచి కరెంటు బయటికి పోకూడదు, స్తంభం మీద మనిషి ఉంటాడు. ఇరవై రెండేండ్లప్పుడు నాకు తెలియని సంగతి ఆ డబ్బాకు నేర్పి పంపిస్తా ఉన్నారు.

రెండో రకం ఆఫ్‌గ్రిడ్, సోలార్‌తో బ్యాటరీ నింపుకొని దాని మీదే నడిచేది. మూడోది హైబ్రిడ్, లైన్‌కు కరెంటు ఇస్తుంది, బ్యాటరీ కూడా నింపుతుంది, లైన్ పోతే ఇంటిని బయటి తీగ నుంచి విడదీసి అత్యవసరం బోర్డును నడుపుతుంది. ఖర్చు ఎక్కువ. ఎవరికి ఏది అన్నది మీ వాడకం చెప్పాల, అంగడివాడు కాదు.

ఆన్‌గ్రిడ్ సోలార్, జనరేటర్ రెండూ ఉన్న ఇళ్లకు ఒక గండం ఉంది. కరెంటు పోయింది, సోలార్ ఆగింది. మీరు జనరేటర్ వేసినారు. బోర్డులో 230 వోల్టులు కనపడగానే సోలార్ ఇన్వర్టర్ "ఓహో, బెస్కాం వచ్చింది" అనుకొని కొన్ని నిమిషాలకు లేస్తుంది. తన కరెంటును తోస్తుంది. ఇంట్లో వాడకం తక్కువ ఉంటే మిగిలింది ఎక్కడికి పోవాల? జనరేటర్ లోపలికే. ఇచ్చేదాని నోట్లో కుక్కినట్లు. వోల్టేజీ ఎగురుతుంది, టీవీ పోతుంది, జనరేటర్ వైండింగ్ కూడా పోవచ్చు. దీనికి మందు చిన్నది. సోలార్ నుంచి వచ్చే వైరును చేంజోవర్‌కు ముందే, అంటే మెయిన్ స్విచ్ పక్కనే కలపాలి. అప్పుడు మీట రెండుకు పోయినప్పుడు సోలార్‌కు జనరేటర్ కనపడనే కనపడదు. చాలా ఇళ్లలో మేస్త్రికి దగ్గరగా ఉందని సోలార్‌ను ఇంటి పెద్ద బోర్డులో కలిపి పోతారు. మీ ఇంట్లో ఎక్కడ కలిపినారో ఈ వారమే చూడండి.

హైబ్రిడ్ పెట్టేవాళ్లు ఇన్వర్టర్‌కు జనరేటర్ కోసం వేరే ద్వారం ఉందా అని కొనకముందే అడగండి. ఉంటే లైన్ లైన్ ద్వారానికే, జనరేటర్ జనరేటర్ ద్వారానికే. లేకుంటే, "జనరేటర్ నడిచేటప్పుడు బయటికి కరెంటు పంపడం ఎట్లా ఆపుతావు?" అని బిగించేవాడిని అడగండి. ఆ ప్రశ్న అతనికి అర్థం కాకపోతే టీ ఇచ్చి పంపించండి.

చిన్న పెట్రోల్ జనరేటర్ల గురించి ఇంకో రెండు మాటలు. లోడు మారితే దాని ఫ్రీక్వెన్సీ, వోల్టేజీ ఊగుతాయి. అందుకే జనరేటర్ నడుస్తున్నా యూపీఎస్ "నాకు ఈ కరెంటు వద్దు" అని బ్యాటరీ మీదే ఉండిపోతుంది. యూపీఎస్‌లో యూపీఎస్ మోడ్, నార్మల్ మోడ్ అని చిన్న స్విచ్ ఉంటుంది. నార్మల్‌లో పెడితే కొంచెం ఊగే కరెంటును కూడా ఒప్పుకుంటుంది. రెండోది, బాడుగ జనరేటర్లలో న్యూట్రల్‌కు భూమితో సంబంధం ఉండదు. అట్లా ఉన్నప్పుడు ఆర్‌సీసీబీ పని చెయ్యదు, మనకేమో అది ఉందని ధైర్యం. రెండు పోల్సు చేంజోవర్ పెట్టిన ఇంట్లో జనరేటర్ న్యూట్రల్‌ను జనరేటర్ దగ్గరే ఎర్త్‌కు కలపాలి. ఇది మాత్రం లైసెన్స్ ఉన్నవాళ్ల చేతనే చేయించండి, ఒక్క చోటే కలపాలి, రెండు చోట్ల కలిపితే ఇంకో తగలాటం.

జనరేటర్ ఇంటి లోపల పెట్టొద్దు. మగ్గాల ఇంటికి ఇది ఇంకా ముఖ్యం. పోగు ఆరిపోకూడదని మనం కిటికీలు మూసి పెడతాం, గాలి ఆడదు. ఆ పొగలోని కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన లేదు, నిద్ర మాదిరి వస్తుంది. వసారా కూడా చాలదు, కిటికీకి వాకిలికి దూరంగా పెరట్లో పెట్టండి.

ఇప్పుడు లెక్క. అత్యవసరం బోర్డు మీద 10 వాట్ల దీపాలు ఆరు, అంటే 60 వాట్లు. 70 వాట్ల ఫ్యాన్లు రెండు, 140. టీవీ 80, వైఫై 10. మొత్తం 290. మన ఇళ్లలో ఉండే 150 ఏహెచ్, 12 వోల్టుల ట్యూబ్యులర్ బ్యాటరీలో 1,800 వాట్ అవర్ ఉంటుంది. దాన్ని అడుగంటా తాగితే తొందరగా చస్తుంది, సగమే వాడాలి. ఇన్వర్టర్ తినేది పోగా రెండున్నర గంటలు వస్తుంది. అదే ఫ్యాన్లు మార్చి 28 వాట్ల బీఎల్‌డీసీవి పెడితే మొత్తం 206కు దిగుతుంది, బ్యాటరీ మూడున్నర గంటలకు పైగా లాగుతుంది. ఇంకొక బ్యాటరీ కొనడం కంటే రెండు ఫ్యాన్లు మార్చడం మేలు. బ్యాటరీ అమ్మేవాడు ఈ మాట మీకు చెప్పడు.

మగ్గం మోటారు సంగతి వేరే. ఒక హెచ్‌పీ అంటే 746 వాట్లు, నడిచేటప్పుడు లైన్ నుంచి దాదాపు 1,000 వాట్లు తీసుకుంటుంది. లేచేటప్పుడు మాత్రం అయిదారు రెట్లు అడుగుతుంది, ఒక్క క్షణమే అయినా. ఇంట్లో ఉండే మామూలు యూపీఎస్ అంత ఇయ్యలేదు. పవర్‌లూమ్‌ను యూపీఎస్ మీద పెట్టొద్దు. దానికి సరిపోయే జనరేటరో పెద్ద హైబ్రిడ్డో కావాలి, సాఫ్ట్ స్టార్టరో వీఎఫ్‌డీనో పెడితే ఆ మొదటి దెబ్బ తగ్గుతుంది. రెండు మగ్గాలుంటే ఒకటి లేచి నిలబడినాకే రెండోది వెయ్యాల.

కరెంటు పోయినప్పుడు నాడె పడుగు మధ్యలో ఆగుతుంది, దాన్ని తీయడానికి మనం చెయ్యి పెడతాం. ఆ క్షణంలో ఎవరో జనరేటర్ పక్కకు మీట తిప్పితే మగ్గం దానంతట అదే లేస్తుంది. చెయ్యి లోపలే ఉంటుంది. నో వోల్ట్ కాయిల్ ఉన్న స్టార్టర్ పెట్టుకుంటే కరెంటు పోయినప్పుడు అది పడిపోతుంది, మళ్లీ మనిషి వచ్చి పచ్చ బటన్ నొక్కితేనే లేస్తుంది. అంతవరకూ మీట తిప్పేవాళ్లు ముందు అరవండి: "మీట తిప్పుతా ఉన్నా!" నవ్వొద్దు. మా ఇంట్లో ఇప్పటికీ అరుస్తాం.

చెయ్యి మగ్గం వాళ్లకు కరెంటుతో పని లేదనుకుంటారు. దీపం లేకుంటే జరీ పోగు కనపడదు, అది వేరే విషయం. ఆలేరు పక్కన చింతకింది మల్లేశంగారు తన తల్లి ఆసు పోసీ పోసీ భుజాలు పోగొట్టుకుంటా ఉంటే చూడలేక లక్ష్మీ ఆసు యంత్రం చేసినారు, 2017లో పద్మశ్రీ వచ్చింది. అది చిన్న మోటారుతో నడుస్తుంది. అట్లాంటి ఆసు యంత్రం, కండెల మిషన్, ఎలక్ట్రానిక్ జాకార్డ్, ఇవన్నీ తినేది తక్కువ, అయితే మంచి కరెంటు అడుగుతాయి. వాటికి ప్యూర్ సైన్‌వేవ్ యూపీఎస్ ఉండల్ల. మీ ఇంట్లో యూపీఎస్ మీద ఫ్యాన్ గుయ్‌మని అరుస్తా ఉంటే అది ఆ రకం కాదని అర్థం.

డబ్బు మాట తొందరగా చెప్పేస్తా, ఇది అందరికీ తెలిసిందే. పీఎం సూర్యఘర్ 2024 ఫిబ్రవరిలో వచ్చింది. మొదటి రెండు కిలోవాట్లకు కిలోవాట్‌కు 30,000 రూపాయలు, మూడోదానికి 18,000, మొత్తం 78,000. అంతకు మించి పెట్టుకున్నా అంతే. ఇంటి మీటరుకే, మగ్గాల షెడ్డుకు వేరే మీటరు ఉంటే దానికి రాదు. బ్యాటరీకీ జనరేటర్‌కూ ఏమీ రాదు. ఒక కిలోవాట్‌కు దాదాపు 100 చదరపు అడుగుల మిద్దె కావాలి, మన ఎండకు రోజుకు నాలుగు యూనిట్లు, మంచి రోజుల్లో అంతకు కొంచెం ఎక్కువ. ఇక్కడ నా అభిప్రాయం ఒకటి చెప్తా, సోలార్ అమ్మేవాళ్లు కోపం చేసుకోవద్దు. 2023 జులై నుంచి గృహజ్యోతిలో 200 యూనిట్ల లోపు ఇంటికి బిల్లు లేదు. నెలకు అరవై, డెబ్బై యూనిట్లు కాల్చే ఇల్లు అప్పు చేసి ఆన్‌గ్రిడ్ సోలార్ పెట్టుకొని ఏం మిగిలించుకుంటుంది? బిల్లు ముందే సున్నా, కరెంటు పోతే సోలారూ సున్నా. ఆ ఇంటికి కావాల్సింది మంచి యూపీఎస్, మంచి ఎర్త్. ఎక్కువ కాల్చే ఇంటి లెక్క వేరే.

ఎర్త్ అన్నా కదా. మన సీమ భూమి ఎండు భూమి, గట్టి రాయి. చిన్న కడ్డీ ఒకటి భూమిలో దిగ్గొట్టి ఎర్త్ అయిందంటే అవ్వదు. సోలార్ పెట్టిన ఇంటికి మూడు ఎర్త్‌లు మామూలు: పలకల ఫ్రేములకు ఒకటి, ఏసీ పక్క డబ్బాలకు ఒకటి, పిడుగు కడ్డీకి వేరేగా ఒకటి. ఎండాకాలం ఆ గుంతల్లో బిందెడు నీళ్లు పొయ్యండి. తులసి కోటకు పోసేటప్పుడే అక్కడ కూడా పోస్తే సరి.

మిద్దె మీదికి ఎక్కి పలకల వైర్లు పీకేవాళ్లకు ఒక హెచ్చరిక. ఆరు పలకలు వరుసగా కలిపితే ఎండలో 200 నుంచి 300 వోల్టుల డీసీ ఉంటుంది. మెయిన్ ఆఫ్ చేసినా, చేంజోవర్ సున్నాలో పెట్టినా, పలకలో కరెంటు ఆగదు, సూర్యుడికి స్విచ్ లేదు. డీసీ నిప్పురవ్వ ఏసీ మాదిరి దానంతట ఆరదు, సాగుతుంది, కాలుస్తుంది. నడుస్తా ఉండగా ఆ జాయింట్లు విప్పొద్దు. ముందు ఇన్వర్టర్ ఆపి, డీసీ స్విచ్ దించి, తరువాతే. పలకల దగ్గర వాడే బ్రేకర్ కూడా డీసీదే ఉండల్ల, ఏసీ బ్రేకర్ పెట్టి పోయినవాళ్లను చూసినా. ఇన్వర్టర్, బ్యాటరీ పెట్టే చోట దూది నూగు, పోగు చెత్త చేరనీయొద్దు. నూలు మూటల కింద బ్యాటరీ పెట్టిన ఇల్లు ఒకటి నాకు తెలుసు. బ్యాటరీ నిండేటప్పుడు హైడ్రోజన్ గ్యాస్ వస్తుంది, గాలి ఆడే చోట పెట్టండి. దేవుడి గది వద్దు, దీపం ఉంటుంది.

ప్రసంగం అయినాక కొందరు ప్రశ్నలు అడిగినారు, రెండు ఇక్కడ రాస్తా.

చిక్కబళ్లాపురం నుంచి వచ్చిన ఒక చెల్లెమ్మ అడిగింది: "అన్నా, మా ఇంట్లో ఆటోమేటిక్ చేంజోవర్ పెట్టినారు, మీట లేదు. అది మంచిదేనా?" మంచిదే అమ్మా, లోపల ఉండే రెండు కాంటాక్టర్లకు మెకానికల్ ఇంటర్‌లాక్ ఉంటే. అంటే ఒకటి మూసుకుంటే రెండోది బలవంతంగా కూడా మూసుకోకూడదు. వైరింగ్‌తో మాత్రమే కాపలా పెట్టి ఉంటే ఒక కాంటాక్ట్ అతుక్కుపోయిన రోజు రెండూ కలుస్తాయి. డబ్బా విప్పించి చూపించమని అడుగు. ఇంకా, పెట్టినవాళ్లు డబ్బా మీద "ఈ ఇంట్లో సోలార్, జనరేటర్ ఉన్నాయి" అని బోర్డు రాసి మీటరు పక్కన కూడా అంటించినారా? లేకుంటే నువ్వే రాసి అంటించు. కన్నడలో, తెలుగులో రెండింట్లో రాయి. లైన్‌మ్యాన్ ఏ ఊరివాడైనా చదువుకోవాల.

రెండోది వెనక వరుసలో కూర్చున్న ఒక అవ్వ అడిగింది. ఆమె లేచి నిలబడి, "నాయనా, ఇంట్లో నేనొక్కదాన్నే ఉంటా. కొడుకు దొడ్డబళ్లాపురంలో మగ్గాలకు పోతాడు. రేత్రి కరెంటు పోతే నేను ఏమేం చెయ్యాల, వరసగా చెప్పు" అంది. చెప్పినా. అవ్వా, యూపీఎస్ ఉంటే ఏమీ చెయ్యొద్దు, పండుకో. జనరేటర్ వెయ్యాల్సి వస్తే, ముందు పెద్ద మోటార్ల స్విచ్‌లన్నీ ఆపు. మీట సున్నాకు తే. బయటికి పోయి జనరేటర్ స్టార్ట్ చెయ్యి, రెండు నిమిషాలు ఊరికే నడవనీ. లోపలికొచ్చి మీట రెండుకు తే. దీపాలు వచ్చినాక మిగతావి ఒక్కొక్కటే వెయ్యి. కరెంటు తిరిగొచ్చిందని వీధి దీపం చూసి తెలుసుకో, అయిదు నిమిషాలు ఆగు, మీట సున్నాకు, అక్కడ నుంచి ఒకటికి. కడపట జనరేటర్ ఆపు.

అవ్వ విని, "మీట గట్టిగా ఉంటుందా? నా చేతికి తిరుగుతుందా?" అంది.

నాకు ఆ ప్రశ్న ముప్పై ఏండ్లలో ఎవరూ వెయ్యలేదు. ఆమెను ముందుకు పిలిచినా. బల్ల మీది స్విచ్ తిప్పి చూసింది. మొదటిసారి సున్నా దగ్గర ఇరుక్కుంది, రెండో చెయ్యి కూడా వేసి తిప్పింది, టక్‌మని రెండుకు పడింది. "నా మీట ఇంతకంటే పొడుగ్గా ఉండేది చూడు" అని చెప్పి పోయి కూర్చుంది. ఆమెకు పొడుగు పిడి ఉండేది వెతికి ఈ నెలలోనే బిగించి వస్తా. మిగతావాళ్లు ఎవరైనా ఇంట్లో పెద్దవాళ్లతో తిప్పించి చూసినాకే కొనండి.